పాత స్టాంపుకు కొత్త ముద్ర

చెప్పుల డబ్బా నిండా చెక్కముక్కలు. ఒక్కోదాని అడుగున ఎర్రటి రబ్బరు, దాని మీద ఏళ్లనాటి ఇంకు. పైభాగాన ఫెర్న్ ఆకు, గొడుగు పట్టుకున్న కుందేలు, క్రిస్మస్ చెట్టు, పుట్టినరోజు శుభాకాంక్షలు. అమెరికాలో శనివారం పూట గరాజ్ సేల్స్‌కు తిరిగేవాళ్లకు ఇలాంటి డబ్బా ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఇంటావిడ మొత్తం డబ్బాకు ఒకటే ధర చెబుతుంది. విడిగా ఏరుకుంటామంటే ఒప్పుకోదు. ఆవిడకు కావలసింది డబ్బుల కన్నా అల్మారాలో చోటు.

కొనేవాళ్లలో రెండు రకాలు. బొమ్మ చూసి కొనేవాళ్లు, తిరగేసి చూసి కొనేవాళ్లు. రెండో రకంవాళ్లు బొమ్మను ఆఖర్న చూస్తారు. ముందు రబ్బరు మీద గోరు నొక్కుతారు. అంచు పట్టుకుని కాస్త వంచుతారు. చెక్కకు, రబ్బరుకు మధ్యనున్న ఫోమ్ రాలుతోందేమో చూస్తారు. ఆ తర్వాతే కుందేలు బాగుందా, ఆకు బాగుందా అనే ఆలోచన. పాత స్టాంపుల్ని కొని, కడిగి, అతికించి మళ్లీ అచ్చుకు తెచ్చే హాబీకి పునాది ఈ తిరగేసి చూడటమే. పైకి పాడైపోయినట్టు కనిపించే స్టాంపుల్లో చాలావాటికి నిజంగా ఏమీ కాదు. నిగనిగలాడే కొన్ని మాత్రం ఎప్పుడో చచ్చి ఉంటాయి.

కేటలాగ్ దిగినవి

మన దగ్గర రబ్బరు స్టాంపు అంటే గెజిటెడ్ ఆఫీసరు సంతకం కింద పడేది. కోర్టు ఎదుట బల్ల వేసుకుని కూర్చున్నాయన చేసిచ్చేది. అమెరికాలో 1970ల నుంచి అది కాలక్షేపం కూడా అయింది. గ్రీటింగ్ కార్డు కొనడం మానేసి, తెల్ల అట్ట మీద బొమ్మ అచ్చేసి, రంగులద్ది, తమ చేత్తో చేసిన కార్డే పంపుకోవడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలో హీరో ఆర్ట్స్ కంపెనీ 1974లో పుట్టింది. 1980 నాటికి ఈ హాబీ ఉన్నవాళ్ల కోసమే 'రబ్బర్‌స్టాంప్‌మ్యాడ్‌నెస్' అనే పత్రిక వచ్చేసింది. 1988లో ఇద్దరు అక్కచెల్లెళ్లు స్టాంపిన్ అప్ మొదలుపెట్టారు. యూటా రాష్ట్రంలో వేళ్లూనిన ఈ కంపెనీ సరుకు మామూలు దుకాణాల్లో దొరకదు. ఒకరింట్లో నలుగురు ఆడవాళ్లు చేరతారు, కంపెనీ తరఫు మనిషి కార్డు ఎలా చేయాలో చూపిస్తుంది, అక్కడికక్కడే ఆర్డర్లు రాసుకుంటుంది. మన కాలనీల్లో టప్పర్‌వేర్ డబ్బాలు అమ్మిన తీరు గుర్తున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఇందులో ఒక కిటుకుంది. కేటలాగ్ మారినప్పుడల్లా కొన్ని సెట్లను ఆపేస్తారు. వాళ్ల భాషలో ఆ సెట్ 'రిటైర్' అయినట్టు. ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదన్న తొందరలో కొన్నవాళ్ల ఇళ్లలో, ఒక్కసారి కూడా ఇంకు తగలని స్టాంపులు డబ్బాలకు డబ్బాలు మిగిలిపోయాయి. ఆ తర్వాత పారదర్శకమైన పాలిమర్ స్టాంపులు వచ్చాయి. పల్చటి రేకుల్లా ఉండే ఈ బొమ్మల్ని యాక్రిలిక్ దిమ్మకు అతికించి వాడుకుని, పని కాగానే ఒలిచి కవరులో పెట్టేయొచ్చు. ఒక్క సీడీ కవరులో పట్టే బొమ్మలే చెక్కపిడివైతే సగం సొరుగు ఆక్రమిస్తాయి. దాంతో చెక్క స్టాంపులు గరాజ్‌లకు, అక్కణ్నుంచి గుడ్‌విల్ వంటి ధార్మిక సంస్థల పాత సామాన్ల దుకాణాలకు చేరాయి.

పాత కంపెనీలు కొన్ని అసలు లేకుండానే పోయాయి. వాటిలో కార్డులు చేసేవాళ్లు ఇప్పటికీ వెతికే పేరు పీఎస్‌ఎక్స్. పూర్తి పేరు పర్సనల్ స్టాంప్ ఎక్స్ఛేంజ్, ఊరు కాలిఫోర్నియాలోదే. పూలు, ఆకులు, పక్షులు వీళ్ల ప్రత్యేకత. ఆకు ఈనెల దాకా గీతలు దిగి ఉంటాయి. చెక్క పక్కన ఆ పేరు కనిపిస్తే, మీద ఎంత ఇంకు పేరుకున్నా చేయి అటే పోతుంది.

కాలిఫోర్నియా, టెక్సస్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ పాత సామాన్ల దుకాణాలు కారులో పావుగంట దూరం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1976 నుంచి నడుస్తున్న స్క్రాప్, ఓక్లాండ్‌లోని ఈస్ట్ బే డిపో, ఆస్టిన్ క్రియేటివ్ రీయూజ్ లాంటివైతే కేవలం ఇలాంటి మిగులు సరుకు కోసమే పెట్టిన చోట్లు. మామిడి పిందె డిజైనుకు దగ్గరగా ఉండే పెయిస్లీ స్టాంపులు, నెమళ్లు, తామరలు అక్కడి పాత డబ్బాల్లో అప్పుడప్పుడూ కనిపిస్తాయి. బొమ్మల కొలువు పిలుపులకు, నోముల కవర్లకు అవే సరిపోతాయి.

దంతవైద్యుడి గిన్నె

రబ్బరు స్టాంపు పుట్టుక కథ కాస్త విచిత్రం. పచ్చి రబ్బరు ఎండాకాలం జిగురు, చలికాలం పెళుసు. 1839లో మసాచుసెట్స్‌లో చార్లెస్ గుడ్‌ఇయర్, గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలినా కరక్కుండా గట్టిపడటం గమనించాడు. 1844లో పేటెంట్ దక్కింది కానీ కోర్టుల చుట్టూ తిరగడం తప్పలేదు. 1860లో అప్పులతోనే కన్నుమూశాడు. ఆయన పేరుతో ఉన్న టైర్ల కంపెనీ ఆయన పోయాక ఎప్పటికో వేరేవాళ్లు పెట్టింది.

ఈ కొత్త రబ్బరును ముందుగా అందిపుచ్చుకున్నవాళ్లలో పళ్ల డాక్టర్లు ఉన్నారు. గట్టి రబ్బరుతో కట్టుడు పళ్ల చిగుళ్లు పోత పోసేవారు. అందుకోసం ఆవిరితో ఉడికించే చిన్న ఇనప గిన్నె ఒకటి ఆసుపత్రిలో ఉండేది. 1860లలో మొదటి రబ్బరు స్టాంపులు ఉడికింది ఆ గిన్నెల్లోనే. కనిపెట్టింది మేమంటే మేమని చాలామంది చెప్పుకున్నారు. ఎక్కువగా వినిపించేది న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన జేమ్స్ వుడ్రఫ్ పేరు. బట్టలుతికే తొట్ల మీద పేరు వేయడానికి వాడుతున్న వంపు తిరిగిన రబ్బరు అచ్చును చూసి, దంతవైద్యుడైన తన బంధువు గిన్నెలో ప్రయోగాలు చేశాడని ఆ కథ. ఎవరు ముందన్నది తేలలేదు, తేలాల్సిన అవసరమూ పెద్దగా లేదు.

గుమస్తాల చేతిలోంచి రబ్బరు స్టాంపు చిత్రకారుల చేతిలోకి రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. జర్మన్ కళాకారుడు కర్ట్ ష్విట్టర్స్ 1919 ప్రాంతంలో ఆఫీసు స్టాంపుల్నే కాగితం మీద అడ్డదిడ్డంగా గుద్ది బొమ్మలు వేశాడు. 1950లలో ఫ్రాన్స్‌లో ఆర్మాన్ పెద్ద పెద్ద కాగితాల్ని స్టాంపు ముద్రలతో నింపేశాడు. అమెరికన్ రే జాన్సన్ చుట్టూ చేరినవాళ్లు ఉత్తరాల్నే కళగా మార్చి, కవర్ల మీద సొంత ముద్రలు వేసి పంపుకున్నారు. కార్డుల హాబీకి తాతలు వీళ్లే అనుకోవచ్చు, మనవరాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియకపోయినా.

గంధకం కథకు, పాత స్టాంపు బాగుచేయడానికి నేరుగా సంబంధం ఉంది. రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. వాటిని గంధకం అక్కడక్కడా ముడివేస్తుంది. ఆ ముళ్ల వల్లే నొక్కితే దిగి, వదిలితే లేస్తుంది. ఎండ, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ ఏళ్ల తరబడి తగిలితే గొలుసులు కొన్ని తెగుతాయి, మరికొన్నిచోట్ల అక్కర్లేని ముళ్లు పడతాయి. రబ్బరు బిరుసెక్కి, చివరికి చీలుతుంది. ఇది వెనక్కి మళ్లే మార్పు కాదు. కొనేముందు గోరు నొక్కి చూసేది ఇందుకే.

గోరు దిగితే బతికున్నట్టు

గోటితో నొక్కితే చిన్న గాటు పడి, వెంటనే మాయమైతే రబ్బరు ఆరోగ్యంగా ఉంది. గోరు దిగకుండా జారిపోతే బిరుసెక్కింది. కొంచెం వంచినప్పుడు గీతల మధ్య సన్నటి పగుళ్లు అడ్డంగా కనిపిస్తే అది ఓజోన్ పని. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తీసుకోనక్కర్లేదు.

మన ఇళ్లలో బిరుసెక్కినదేదైనా కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుందని నమ్మకం. రబ్బరుకు మాత్రం నూనె రాయకూడదు. రాస్తే మెత్తబడినట్టే అనిపిస్తుంది. నిజానికి అది నూనె పీల్చుకుని ఉబ్బుతోంది. సన్నటి గీతలు లావెక్కి, పక్కపక్కనున్నవి కలిసిపోతాయి. కిరోసిన్, పెట్రోలు ఇంకా ప్రమాదం. అవి అదే పనిని మరింత వేగంగా చేస్తాయి.

తెల్లటి పొర పట్టిన స్టాంపు సంగతి వేరు. చూడగానే బూజనిపిస్తుంది, చాలామంది వదిలేసి పోతారు. ఎక్కువసార్లు అది బూజు కాదు. రబ్బరులో కలిపిన గంధకమో మైనమో లోపలి నుంచి మెల్లగా పైకొచ్చి పొడిలా పేరుకుంటుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లకు పోతుంది. బేరమాడటానికి ఇంతకన్నా మంచి లోపం ఉండదు, అమ్మే మనిషికి ఆ సంగతి చెప్పాలా వద్దా అన్నది కొనేవాళ్ల మనస్సాక్షి.

మరకలు లెక్కలోకి రావు. జపాన్ కంపెనీ సుకినెకో తయారుచేసే స్టేజాన్ లాంటి ఘాటైన ఇంకు ఒకసారి తగిలితే రబ్బరు రంగు శాశ్వతంగా మారుతుంది, అచ్చు మాత్రం చెడదు. ఎర్ర రబ్బరు గొప్పది, బూడిదరంగుది నాసిరకం అనే మాటా ఈ లోకంలో తిరుగుతుంటుంది. రంగు కలిపితే వచ్చేది. చూడాల్సింది గీత లోతు. స్టాంపును కంటి మట్టానికి ఎత్తి పక్కనుంచి చూస్తే, గీత నేల నుంచి ఎంత ఎత్తు లేచిందో తెలుస్తుంది. నాణ్యమైన క్రాఫ్ట్ స్టాంపుల కోసం ముందు లోహపు పలక మీద ఆమ్లంతో బొమ్మ కొరికిస్తారు. ఆ పలకతో గట్టి అట్టలాంటి మూస తీస్తారు. మూసలో రబ్బరు పెట్టి సుమారు 150 డిగ్రీల వేడిలో ప్రెస్సు కింద నొక్కుతారు. పలకను ఎంత లోతుగా కొరికిస్తే గీత అంత ఎత్తుగా లేస్తుంది. లోతు తక్కువైతే నేలకూ ఇంకు అంటి, బొమ్మ చుట్టూ మచ్చలు పడతాయి. ఆ మచ్చలు అంచుల్లోనే ఉంటే భయం లేదు. వెనకటివాళ్లు రబ్బరును దగ్గరగా కత్తిరించి ఉండరు. మంచి కత్తెర ఉంటే ఐదు నిమిషాల పని.

గీత తెగినదానికి మాత్రం వైద్యం లేదు. ఆకులో ఒక ఈనె పోతే పెన్నుతో కలిపేసుకోవచ్చు, కుందేలు ముక్కు పోతే కుందేలే పోయినట్టు.

ఫెర్న్ ఆకుకు ఆపరేషన్

అరచేతంత మేపుల్ చెక్క స్టాంపునే తీసుకుందాం. 1990లలో ఎవరో కొన్న ఫెర్న్ ఆకు. అడుగంతా నల్ల ఇంకు గడ్డకట్టింది, ఒక మూల రబ్బరు లేచిపోయింది, ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది.

నీళ్లలో ముంచేయాలనిపిస్తుంది. ముంచకూడదు. చెక్క తేమ పీల్చి వంగుతుంది. పింగాణీ పళ్లెంలో తడిగుడ్డ మడతపెట్టి, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, స్టాంపును బోర్లించి పావుగంట వదిలేస్తే గట్టి ఇంకు నానుతుంది. తర్వాత మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో గుండ్రంగా రుద్దాలి. ముందు నల్లటి నురగ వస్తుంది, తర్వాత ఊదా, ఆ తర్వాత ఎప్పుడో ఎవరో వాడిన ఆకుపచ్చ. ఈనెల మధ్య ఇరుక్కున్న దూదిపోగులు, కాగితపు నూగు అంత తేలిగ్గా రావు. అక్కడ గుండుసూది పెట్టి గీకారంటే గీత తెగినట్టే. గోడకు పోస్టర్లు అతికించే పుట్టీని గట్టిగా అద్ది లాగితే నూగంతా దానికి అంటుకుని వచ్చేస్తుంది. ఘాటు ఇంకులకు వాటి కంపెనీలే అమ్మే క్లీనర్ వాడటం మేలు.

ఇక ఊడదీయడం. జిగురు సగం వదిలేసిన స్టాంపైతే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడితే చాలు. మొండిదానికి అమెరికన్ గృహిణుల చిట్కా మైక్రోవేవ్. చెక్క స్టాంపును కొన్ని సెకన్లు లోపలుంచితే జిగురు మెత్తబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే చెక్క మాడి, రబ్బరు కంపు కొడుతుంది. చెక్కలో మేకు గానీ, లోహపు ముక్క గానీ ఉంటే ఆ ఆలోచనే మానుకోవాలి. వెచ్చబడ్డాక పళ్ల సందులు తోముకునే దారాన్ని ఫోమ్‌లోకి పోనిచ్చి రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే, రబ్బరుకు దెబ్బ తగలకుండా చెక్క విడిపోతుంది. రబ్బరు మూల పట్టుకుని బలంగా పీకడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. సాగినచోట పల్చబడి, తర్వాత అచ్చులో అక్కడ గీత వెలిసిపోతుంది.

వెనక మిగిలిన జిగురును బొటనవేలితో దొర్లిస్తూ ఉండలు చేసి తీసేయాలి. విసుగు పుట్టించే పనే, దీనికి అడ్డదారి లేదు. ఎదురు ముఖానికి తెల్ల రబ్బరుతో, అంటే పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో, మెల్లగా ఒకసారి రుద్దాలి. ఏళ్లుగా కదలని రబ్బరు మీద నునుపైన పొర ఏర్పడి ఇంకును పట్టనివ్వదు. చుక్కలు చుక్కలుగా పడే అచ్చుకు చాలాసార్లు కారణం ఇదే. స్టాంపు అరిగిపోయిందని పొరబడి పారేస్తుంటారు.

కొత్త ఫోమ్ కోసం అక్కడివాళ్లు ఈజీ మౌంట్ అనే షీట్ వాడతారు. ఒకవైపు రబ్బరుకు శాశ్వతంగా అతుక్కుంటుంది, రెండోవైపు యాక్రిలిక్ దిమ్మకు అతుక్కుని ఎన్నిసార్లయినా ఊడొస్తుంది. మన ఊళ్లో అయితే స్టేషనరీ కొట్లో దొరికే రెండు మూడు మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, రెండువైపులా అంటుకునే టేపు చాలు.

పిడి ఉంచాలా, తీసేయాలా? దీని మీద హాబీదారులు రెండు వర్గాలు. పలుచటి స్టాంపులైతే మిస్టీ వంటి పరికరంలో పడతాయి. 2014 ప్రాంతంలో వచ్చిన ఈ మూతపెట్టె లాంటి సాధనంలో కాగితం కదలదు, స్టాంపు కదలదు. మొదటిసారి సరిగ్గా పడకపోతే మళ్లీ ఇంకు అద్ది సరిగ్గా అదేచోట వేయొచ్చు. అరిగిన పాత స్టాంపులకు ఇది పెద్ద ఊరట. అందుకని చెక్కలన్నీ ఒలిచి పొయ్యిలో పెట్టేసేవాళ్లున్నారు. అది తొందరపాటే. చెక్క పక్కన కంపెనీ పేరు, నంబరు, సంవత్సరం ఉంటాయి. పైన బొమ్మ ఉంటుంది. ఆ గుర్తులు పోతే రేపు ఎవరికైనా అమ్మాలన్నా, సెట్లో తప్పిపోయినది వెతకాలన్నా ఆధారం ఉండదు. ఫోమ్ బాగున్న స్టాంపు పిడిని ముట్టుకోకుండా వదిలేయడం, ఊడదీయక తప్పనివాటి చెక్కను ముందు ఫొటో తీసుకోవడం తెలివైన పని.

పారదర్శక పాలిమర్ స్టాంపులకు ఈ వైద్యాలేవీ పనికిరావు. వెలుతురుకు పచ్చబడతాయి, పచ్చబడినా అచ్చు బాగానే పడుతుంది. జిగటగా తయారైతే సబ్బునీళ్లు. స్పిరిట్, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం లాంటివి దగ్గరికి రానీయకూడదు. అంచులు పెళుసెక్కి విరుగుతుంటే ఇక దాని పని అయిపోయింది.

బాగుచేసిన స్టాంపును మొదటిసారి పరీక్షించేటప్పుడు కాగితం కింద పాత మౌస్‌ప్యాడ్ వేస్తే ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. అప్పటికీ అచ్చు కొంచెం వెలిసినట్టుంటే ఎంబాసింగ్ పౌడర్ ఆదుకుంటుంది. తడి ముద్ర మీద పొడి చల్లి, వేడిగాలి తగిలిస్తే పొడి కరిగి గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. చిన్నచిన్న లోపాలు అందులో కప్పుకుపోతాయి.

శుభలేఖల జింకు బ్లాకులు

మన దగ్గర క్రాఫ్ట్ స్టాంపుల పాత సరుకు దాదాపు లేదు. ఎందుకంటే ఆ హాబీ ఇక్కడికి వచ్చిందే నిన్నమొన్న. మనకున్నది ఇంకొకటి. ఆఫ్‌సెట్ రాకముందు ప్రతి ఊళ్లోని లెటర్‌ప్రెస్ ముద్రణాలయంలో శుభలేఖల కోసం జింకు బ్లాకులుండేవి. వినాయకుడు, పూర్ణకుంభం, అరటిచెట్లు, సన్నాయి మేళం, వధూవరుల చేతులు. జింకు రేకు మీద ఆమ్లంతో బొమ్మ కొరికించి, చిన్న మేకులతో చెక్కదిమ్మకు బిగించినవి. ప్రెస్సులు మూతపడ్డప్పుడు సీసం అక్షరాలతోపాటు ఇవీ తూకానికి పోయాయి. కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. హైదరాబాద్‌లో గురువారాల్లో జరిగే జుమేరాత్ బజార్ వంటి పాత సామాన్ల సంతల్లో ఇత్తడి సామాను మధ్య, తాళాల గుత్తుల మధ్య కళ్లు పెట్టి చూసేవాళ్లకే ఇవి దొరుకుతాయి. ఊరి పాత ప్రెస్సు యజమాని అటక ఎక్కనిస్తే ఇంకా మంచివి బయటపడొచ్చు.

వీటి శుభ్రత రబ్బరుకు పూర్తిగా తలకిందులు. కిరోసిన్ ఇక్కడ మందు. కంపోజిటర్లు దశాబ్దాల పాటు టైపులు కడిగింది దాంతోనే. ఎండిన సిరాను కిరోసిన్‌లో నానబెట్టిన బ్రష్‌తో వదిలించి, తెల్లగా పట్టిన తుప్పును సన్నటి స్టీల్ ఊల్‌తో తేలిగ్గా రుద్ది, వదులైన మేకులు కొట్టాలి. అదే గోనెలో సీసం అక్షరాలు కూడా ఉంటే చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టుకోవద్దు. పిల్లలకు ఆ అక్షరాలు ఆటకివ్వొద్దు.

జింకు లొంగదు. రబ్బరు స్టాంపులా ఇంకు ప్యాడ్ మీద అద్ది గుద్దితే సగం బొమ్మే పడుతుంది. బ్లాకును వెల్లకిలా పెట్టి, చిన్న రోలరుతో పల్చగా సిరా రాసి, కొంచెం చెమ్మగా ఉన్న కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దాలి. పూర్ణకుంభం మీది మామిడాకుల గీతలు కూడా దిగుతాయి.

కృష్ణా జిల్లా పెడన టేకు అచ్చులు మూడో దారి. మచిలీపట్నం కలంకారీకి వాడే ఈ అచ్చులు వస్త్రం మీద వేలసార్లు పడి అంచులు అరిగాక పక్కన పడతాయి. వాటిని అలంకార వస్తువులుగా గోడకు తగిలించేవాళ్లే ఎక్కువ. కాగితం సంచులకు, కవర్లకు అచ్చు వేయాలనుకునేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. కలంకారీలో రంగు రంగుకూ వేరే అచ్చు. సరిహద్దు గీతల అచ్చు ఒకటి, లోపలి రంగు నింపేవి వేరు. అందంగా ఉందని రంగు నింపే అచ్చు ఒక్కటే కొంటే, ఇంటికొచ్చి వేస్తే అర్థంకాని మచ్చలు పడతాయి. గీతల అచ్చు అడగాలి. చెక్కకు నూనె మంచిదే. కడిగి, నీడన ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పెట్టుకుంటే పగలదు. రబ్బరుకు వద్దన్న నూనె ఇక్కడ, కిరోసిన్ జింకు దగ్గర. ఏ డబ్బాలోని సరుకును దేనితో కడగాలో కలిపేసుకుంటేనే చిక్కు.

తీసుకోకూడనివి

పాత సామాన్లలో ఆఫీసు స్టాంపులూ తగులుతాయి. తేదీలు తిరిగే డేటరు, 'చెల్లించబడినది', 'నకలు' లాంటివి డైరీల్లో, స్క్రాప్‌బుక్కుల్లో ముచ్చటగా ఉంటాయి. అధికారి హోదా, కార్యాలయం పేరు ఉన్న గుండ్రటి సీలు దొరికితే మాత్రం బేరం కూడా ఆడొద్దు. మూడు సింహాల గుర్తును ఇష్టమొచ్చినట్టు వాడటాన్ని 2005 నాటి చట్టం నిషేధిస్తోంది. రెండేళ్ల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సరదాగా కార్డు మీద వేశానంటే వినేవాళ్లుండరు.

అమ్మకానికి కార్డులు చేసేవాళ్లకు ఇంకో నియమం ఉంది. స్టాంపు కొన్నంత మాత్రాన బొమ్మ మీద హక్కు రాదు. అమెరికన్ కంపెనీలు చాలావరకు 'ఏంజెల్ పాలసీ' పేరుతో, తమ స్టాంపును చేత్తో వేసి చేసిన వస్తువుల్ని అమ్ముకోనిస్తాయి. ఆ ముద్రను స్కాన్ చేసి ప్రింటు తీయడం, దాన్నుంచి మరో స్టాంపు చేయించడం కుదరదు. కొన్ని కంపెనీలు కార్డు వెనక తమ పేరు వేయమంటాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా బొమ్మ మీద హక్కు రాదు.

సొంత బొమ్మకైతే ఏ అడ్డూ లేదు. నానమ్మ నోటుబుక్కులో గీసుకున్న మెలికల ముగ్గో, పిల్లాడు వేసిన ఏనుగో తీసుకుని కోర్టు ఎదుటి స్టాంపులాయన దగ్గరికి వెళ్లొచ్చు. వెనకటిలా సీసం అక్షరాలు పేర్చి, మూస తీసి, రబ్బరు ఉడికించే పద్ధతి ఆయన దగ్గర ఇప్పుడు ఉండకపోవచ్చు. బొమ్మ నెగటివ్ తీసి, ద్రవ పాలిమర్ మీద అతినీలలోహిత కాంతి పడనిస్తాడు. వెలుతురు తగిలినచోట గట్టిపడుతుంది, మిగతాది బ్రష్‌తో కడిగితే పోతుంది. లేజరు మిషన్ ఉంటే నేరుగా రబ్బరు మీదే చెక్కుతాడు. గీతలు మరీ సన్నగా ఉంటే ముందే చెప్పి కొంచెం లావు చేయించుకోవాలి, లోతు ఎక్కువ కావాలని అడగాలి. పిడి అక్కర్లేదు, అచ్చు ముక్క ఒక్కటే చాలని రెండుసార్లు చెప్పడం మంచిది. లేకపోతే అలవాటు కొద్దీ దాన్ని నల్ల ప్లాస్టిక్ పిడికి ఫెవిక్విక్‌తో అతికించి, పాత అట్టముక్క మీద గుద్ది చూపించి మరీ ఇస్తాడు.